ఇంకా కట్టని ఇంటి బొమ్మ: గీసినవాని బాధ్యత ఎంత?



మన ఇళ్ళలోని పిల్లలు ఈనాడు చేస్తున్న పనుల పేర్లు చాలావరకు మన పెద్దలకు తెలియవు. కొడుకు ఇషా నమాజు చేసివచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఫజ్ర్ వేళకు తెరమీద ఒక మేడ నిలబడి ఉంటుంది. “ఈ ఇల్లు ఎక్కడుంది బేటా?” అని తల్లి అడిగితే “ఇంకా కట్టలేదమ్మీ” అంటాడు. కట్టని ఇంటి గోడమీద ఎండ ఎలా పడింది, గుమ్మం ముందు పూలకుండీలు ఎవరు పెట్టారు అని ఆమె ఆశ్చర్యపోతుంది.

ఈ పనిని ఆర్కిటెక్చరల్ విజువలైజేషన్ అంటారు. మన ఊళ్ళలో మేస్త్రీల నుంచి బిల్డర్ల దాకా అందరూ ‘త్రీడీ’ అనో ‘ఎలివేషన్’ అనో పిలుస్తారు. ఆర్కిటెక్టు గాని ఇంజనీరు గాని గీసిన ప్లానులో గీతలు, కొలతలు మాత్రమే ఉంటాయి. సామాన్యునికి అది బోధపడదు. ఆ కొలతలను తీసుకొని స్కెచ్‌అప్, త్రీడీఎస్ మ్యాక్స్, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లలో గోడలు లేపి, రంగులు వేసి, వెలుతురు పెట్టి, కట్టడం పూర్తయ్యాక కంటికి ఎలా కనిపిస్తుందో ముందే చూపించేవాడు ఈ కళాకారుడు. ఒక కంపెనీలో నెలజీతానికి కాకుండా సొంతంగా చేసుకుంటే ‘ఫ్రీలాన్సర్’ అంటారు. ఈ నెల ఒక క్లయింటు, వచ్చే నెల మరొక క్లయింటు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ వంటి మండల కేంద్రంలో ఇంట్లో కూర్చొని బెంగళూరు బిల్డరుకో, దుబాయ్‌లోని డిజైను ఆఫీసుకో ఈ పని చేసిపెట్టవచ్చు. వేరుశనగ పంటను, బోరు నీళ్ళను నమ్ముకుని, వాన మొహం చాటేసిన ప్రతిసారీ బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలున్న ప్రాంతమిది. ఊరు విడవకుండా బ్రతుకుతెరువు దొరకడం అల్లాహ్ అనుగ్రహమే. పైగా పని కూడా దగ్గరకే వచ్చింది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి జిల్లా కేంద్రమయింది. రోడ్ల వెంట వెంచర్ల బోర్డులు వెలిశాయి. ప్రతి బోర్డుమీదా ఒక బొమ్మ. ప్రతి బొమ్మ వెనుకా దాన్ని గీసిన ఒక కుర్రవాడు.

ఆ కుర్రవానికి ఎదురయ్యే ఒక ప్రశ్న గురించే ఇక్కడ మాట్లాడదలచుకున్నాం. క్లయింటు అంటాడు: “ఆ కరెంటు లైను తీసేయప్పా, బొమ్మ బాగుండాల కదా.” కుర్రవాడు తీసేస్తాడు. అతని మనసులో ఉండే మాట ఇది: “ఆయన చెప్పాడు, నేను గీశాను. మోసమంటూ ఉంటే అది ఆయనది. నా కూలి నాకు హలాలే.” ఈ మాట ఎంతవరకు నిలుస్తుంది?

ముందుగా ఒక సందేహం

పాఠకులలో కొందరు ఇంతకంటే ముందు మరొకటి అడుగుతారని మాకు తెలుసు. అసలు బొమ్మలు గీసి సంపాదించడమే సమ్మతమా? దీనికి జవాబు పాతదే. చిత్రాలు గీయడమే తన జీవనాధారమని చెప్పుకున్న ఒక వ్యక్తికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) ప్రాణుల చిత్రాల విషయంలో ఉన్న హెచ్చరికను వినిపించి, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని సలహా ఇచ్చారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం క్రయవిక్రయాల అధ్యాయంలో ఉంది. గోడలు, కిటికీలు, మెట్లు, వేపచెట్టు గీసేవానికి ఇంతకంటే స్పష్టమైన అనుమతి ఏం కావాలి?

చిక్కల్లా క్లయింటు “బొమ్మలో నలుగురు మనుషులు తిరుగుతున్నట్టు పెట్టు” అన్నప్పుడే. కంప్యూటరు చిత్రాల గురించి, ఫోటోల గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరు ఏ ఆలిమ్‌ను అనుసరిస్తారో ఆయననే అడిగి తెలుసుకోవాలి. ఈ పనిలో మనిషి బొమ్మను పెట్టేది గుమ్మం ఎత్తు ఎంతో తెలియడం కోసం గనుక, ఒక కుర్చీనో సైకిలునో పెట్టినా ఆ పని జరుగుతుందని మాత్రం చెప్పగలం. చాలామంది క్లయింట్లు దానికి అభ్యంతరం చెప్పరు.

గింజల కుప్ప

ఇక అసలు విషయానికి వద్దాం.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో నడుస్తూ ఒక ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడిందని అతను చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. అందుకే దానిలోని రెండు సంగతులను మనం గమనించకుండా దాటిపోతుంటాం.

మొదటిది, గింజలను తడిపింది ఆ వ్యాపారి కాదు. తడిపింది వాన. అతను అబద్ధం కూడా చెప్పలేదు, అడగ్గానే ఉన్నమాట చెప్పాడు. పొడి గింజలు పైకి, తడివి కిందికి ఉండటమే అతని తప్పయింది. రెండవది, ఆయన (స) ఆ ధాన్యాన్ని అమ్మవద్దనలేదు. తడిసిన ధాన్యానికీ ఒక ధర ఉంటుంది, కొనేవాడూ ఉంటాడు. తడిని పైన ఉంచమన్నారంతే.

మన సీమ రైతుకు ఈ విషయం మరింత బాగా తెలుసు. వేరుశనగ కాయలు అమ్మేటప్పుడు మూటలోంచి పిడికెడు తీసి చూపిస్తారు. దాన్ని ‘మచ్చు’ అంటారు. ఆ పిడికెడు చూసి కొనేవాడు మొత్తానికి ధర కడతాడు. మచ్చులో గట్టి గింజలు, మూటలో తాలుకాయలు ఉంటే ఆ రైతును మరుసటి ఏడాది ఎవరూ నమ్మరు. కట్టని ఇంటి బొమ్మ కూడా ఒక మచ్చే. తేడా ఏమిటంటే, మూటను ఎప్పుడైనా విప్పి చూడవచ్చు, ఇంకా పుట్టని ఇంటిని విప్పి చూడటానికి లేదు. కొనేవాని చేతిలో ఆ బొమ్మ తప్ప మరేమీ లేదు. కడప, రాయచోటి, కదిరి ప్రాంతాల నుంచి కువైట్‌కో సౌదీకో వెళ్ళి, ఏళ్ళ తరబడి ఒక్కో దినారూ కూడబెట్టిన మనిషికి ఆ బొమ్మ వాట్సాప్‌లో వస్తుంది. అతను స్థలం దగ్గరికి వచ్చి చూడలేడు. బొమ్మను భార్యకు పంపుతాడు, ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు, అడ్వాన్సు కట్టేస్తారు. నల్లమాడలో కూర్చొని కరెంటు లైను చెరిపేసిన కుర్రవాడు ఈ దంపతులను ఎన్నడూ చూడడు. వారి పేర్లు కూడా అతనికి తెలియవు. అయినా వారు నమ్మింది ఎవరి చేతిపనిని?

‘చూడటం’ అంటే ఏమిటి?

ఇల్లు కొనేటప్పుడు ‘చూడటం’ అంటే ఏమిటన్న చర్చ మన ధర్మశాస్త్ర పండితులు ఎనిమిది శతాబ్దాల క్రితమే చేశారంటే ఈనాటి వారికి వింతగా ఉంటుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం చూడని వస్తువును కొన్నవానికి, చూశాక వద్దనుకునే హక్కు ఉంది. మరి ఇంటి విషయంలో ఎంత చూస్తే చూసినట్లు? వాకిలి చూస్తే చాలని కొందరు ఇమాములు అన్నారు. గదుల లోపలికి వెళ్ళి చూడాల్సిందేనని ఇమామ్ జుఫర్ అన్నారు. క్రీ.శ. 1197లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ తమ ‘హిదాయా’ గ్రంథంలో ఈ రెంటినీ పేర్కొని, వెనకటి కాలంలో ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉండేవి గనుక వాకిలి చూస్తే సరిపోయేదనీ, తమ కాలంలో ఒక్కో ఇల్లు ఒక్కో రకంగా ఉంటోంది గనుక లోపలికి వెళ్ళి చూడవలసిందేననీ తేల్చారు.

ఎంత సూక్ష్మంగా ఆలోచించారో గమనించండి! ఇళ్ళ కట్టుబడి మారితే, చూడటం అనే మాటకు అర్థం కూడా మారింది. ఈనాడు ఇల్లే లేదు, ఉన్నది బొమ్మ మాత్రమే. అంటే కొనేవాని కన్ను తరఫున ఆ గదుల్లోకి వెళ్ళి చూసి వచ్చి చెబుతున్నది ఈ కళాకారుడే. చూసివచ్చి చెప్పేవాని మాటను మనం ఏమంటాం? సాక్ష్యం అంటాం.

ఇదే హనఫీ గ్రంథాలలో హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ తల్హా (రజి)ల మధ్య జరిగిన ఒక భూమి బేరం ప్రస్తావన కూడా ఉంది. అమ్మినవారూ ఆ భూమిని చూడలేదు, కొన్నవారూ చూడలేదు. వద్దనుకునే హక్కు ఎవరిదని ప్రశ్న వస్తే, మధ్యవర్తిగా ఉన్న హజ్రత్ జుబైర్ బిన్ ముత్ఇమ్ (రజి) అది కొన్నవారిదే అని తీర్పు చెప్పారు. చూడకుండా డబ్బు పెట్టేవాని పక్షాన ధర్మం నిలబడుతుందన్నమాట.

ఒంటె గిట్ట

“సరే, బిల్డరు అమ్ముతున్నాడు. లోపం చెప్పవలసింది అమ్మేవాడు. నేను అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి కాదు. మధ్యలో కూలివాణ్ణి.” అన్నిటికంటే బలమైన వాదన ఇదే. దీనిని తేలికగా కొట్టివేయకూడదు.

ఇమామ్ అహ్మద్ తమ ముస్నద్‌లో ఉల్లేఖించిన ఒక సంఘటన ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక వ్యక్తి హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఇంటి దగ్గర ఒక ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. వాసిలా (రజి) వెనకాలే పరుగున వెళ్ళి, దీనిలో ఉన్న లోపం నీకు చెప్పారా అని అడిగారు. మాంసానికా, ప్రయాణానికా అని కూడా అడిగారు. హజ్ ప్రయాణానికని అతను చెప్పగానే, దీని గిట్టలో రంధ్రం ఉందని చెప్పేశారు. ఒంటె యజమానికి కోపం వచ్చింది, నా బేరం ఎందుకు చెడగొడుతున్నావన్నాడు. అప్పుడు వాసిలా (రజి), లోపం చెప్పకుండా అమ్మడం అమ్మేవానికి ధర్మం కాదనీ, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఉండటం కూడా ధర్మం కాదనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు.

వాసిలా (రజి) ఆ బేరంలో అమ్మేవారు కాదు, కొనేవారు కాదు. కూలి కూడా తీసుకోలేదు. తెలిసినవారు మాత్రమే. తెలియడంతోనే వారిమీద బాధ్యత పడింది. మన కళాకారునికి తెలియడమే కాదు, ఆ రంధ్రాన్ని మూసి నున్నగా చేసి ఇచ్చింది అతని చేయే. పైగా ఆయన అడిగిన మాట చూడండి, మాంసానికా, ప్రయాణానికా అని! మాంసానికైతే గిట్టలో రంధ్రం లోపమే కాదు. దేనికి వాడబోతున్నారన్నదాన్ని బట్టి లోపం లోపమవుతుంది. ఆర్కిటెక్టు తనలో తాను రెండు నమూనాలను పోల్చుకోవడానికి అడిగిన బొమ్మలో చుట్టుపక్కల ఏమీ లేకపోయినా నష్టం లేదు. అదే బొమ్మ బ్రోచరులో అచ్చయి అమ్మకానికి వెళ్తే సంగతి వేరు. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే “అన్నా, ఈ బొమ్మ దేనికి?” అని అడగటం ఈ వృత్తిలో మొదటి ధర్మం.

దేశ చట్టం కూడా ఇటువైపే వస్తోంది. 2016 నాటి రెరా చట్టంలోని 12వ సెక్షను ప్రకారం ప్రకటనలోనో, ప్రాస్పెక్టస్‌లోనో, మాదిరి ఫ్లాటులోనో తప్పుడు వివరాలు చూపగా నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవానికి ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. కొన్నవాడు తప్పుకోదలిస్తే కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా వాపసు చేయాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో చేసే ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా ప్రకటించడానికే వీల్లేదు. ఈ చట్టం పట్టుకునేది ప్రమోటరునే. బొమ్మ గీసినవాని పేరు అందులో లేదు.

మాట సాయం చేసినవారిని కూడా జనం ఊరకే వదలరనడానికి మరో ఉదాహరణ ఉంది. ఉత్తరాదిన ఆమ్రపాలి సంస్థ ఇళ్ళు పూర్తి చేయక వేలాది కుటుంబాలు చిక్కుకున్నప్పుడు, ఆ సంస్థకు ప్రచారకర్తగా ఉన్న క్రికెటర్ ధోనీని కొనుగోలుదారులు నిలదీశారు. ఆయన 2016లో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఇటుక పేర్చింది ఆయన కాదు, సిమెంటు ఆపింది ఆయన కాదు. అయినా ‘నీ ముఖం చూసి నమ్మాం’ అన్నవారికి ఏం చెప్పాలి? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సరిగా విచారించుకోకుండా తప్పుదోవ పట్టించే ప్రకటనకు మద్దతు పలికినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది.

అలంకారం ఎంతవరకు?

అలాగని ప్రతి అందమూ మోసమేనని మేము అనడం లేదు. పెళ్ళిచూపులకు అమ్మాయి మంచి బట్టలు కట్టుకుంటుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇంటి బొమ్మలో ఆకాశం నిర్మలంగా ఉండటం, గోడకు కొత్త రంగు మెరవడం, బల్లమీద పండ్ల పళ్ళెం ఉండటం అలాంటివే. వాటిని చూసి ఎవరూ పండ్లు కూడా ఇస్తారని అనుకోరు.

కానీ కొన్ని పనులు వేరు. 10 అడుగుల వెడల్పు గదిలో 5 అడుగుల మంచం వేస్తే మిగిలేది 5 అడుగులు. కంప్యూటరులో ఆ మంచాన్నే నాలుగడుగులకు కుదించి వేస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది. చూసేవాడు మంచాన్ని కొలవడు, మంచం అంటే తన ఇంట్లోని మంచమే అనుకుంటాడు. ఇది తూకంలో రాయి మార్చడం వంటిదే. కొలతలలో తగ్గించేవారికి వినాశం తప్పదని హెచ్చరిస్తూ దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే అవతరించింది, ముతఫ్ఫిఫీన్. అక్కడ చెప్పింది త్రాసు గురించే అయినా, కంటికి చూపే కొలతలో తగ్గించినా తగ్గించినట్టే గదా!

లెన్సు విషయం కొంచెం చిక్కు. మనిషి చూపుకు దగ్గరగా ఉండేది 50 మిల్లీమీటర్ల లెన్సు అని ఫోటోగ్రాఫర్లు అంటారు. చిన్న గదిని ఆ లెన్సుతో చూపాలంటే ఒక గోడ తీసేయాలి. అందుకని 24, 20 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు వాడతారు. గది సాగినట్టు కనిపిస్తుంది. అవసరం ఉంది గనుక దీన్ని మోసం అనలేం. అయితే ఆ బొమ్మ పక్కనే గది కొలతను అడుగులలో, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో వేస్తే కన్ను పొరబడినా అంకె సరిదిద్దుతుంది.

ఎండ సంగతి ఇంకా సులభం. ఈ సాఫ్ట్‌వేర్లలో ఊరు, తేదీ, గంట చెబితే సూర్యుడు సరిగ్గా ఎక్కడ ఉంటాడో అక్కడే నిలబడతాడు. మన ప్రాంతంలో డిసెంబరు నెలలో ఉత్తరపు కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. అయినా ఉత్తరపు హాలులో బంగారంలాంటి చలికాలపు ఎండ పోసే బొమ్మలు ఎన్నో! సూర్యుణ్ణి అల్లాహ్ నిలిపిన చోటు నుంచి జరపకుండా ఉంటే చాలు.

పచ్చిక బయళ్ళు మరొకటి. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. తాగునీటికే వందల అడుగుల లోతుకు బోరు దించే చోట, వెంచరు బొమ్మలో పచ్చిక, ఫౌంటెన్! ప్లానులో పార్కు ఉంటే పార్కును చూపవచ్చు. దానికి వేపో కానుగో వేసి చూపితే నిజానికి దగ్గరగానూ ఉంటుంది, అందంగానూ ఉంటుంది.

ఇక కరెంటు లైను. కదిరి పక్కన నంబులపూలకుంటలో పెద్ద సోలార్ పార్కు ఉంది, అక్కడి విద్యుత్తును మోసుకుపోయే తీగలు పొలాలమీదుగానే సాగుతాయి. లైను కింద ఉన్న స్థలానికీ, దూరంగా ఉన్న స్థలానికీ ధర ఒకటి కాదు. ధరను మార్చే దేన్నీ బొమ్మలోంచి తీసేయరాదు. తడి గింజ అంటే ఇదే. శ్మశానం, మురుగుకాల్వ, పక్క స్థలంలో లేవబోతున్న ఐదంతస్తుల గోడ, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

“కింద ‘ఇది ఊహాచిత్రం మాత్రమే’ అని వేశాం కదా” అనేవారున్నారు. చీమలంత అక్షరాలతో, బ్రోచరు చివరి పేజీలో! ఆ ధాన్యం వ్యాపారి కూడా కుప్ప అడుగున తడిని ఉంచాడు, దాచేయలేదు. తవ్వినవానికి దొరుకుతుంది. ఆయన (స) అడిగింది పైన ఎందుకు లేదని.

ఒక భేదాన్ని మాత్రం మరచిపోరాదు. గీసిన నాటికి నిజమైన ప్లానునే చూపి, తరువాత ఆ కట్టడం లేవకపోతే గీసినవానిమీద నేరం లేదు. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ గీసిన శాసనసభ, హైకోర్టు బొమ్మలను రాష్ట్రమంతా టీవీలలో చూసింది. 2019 తరువాత పనులు నిలిచిపోయాయి, 2025 మే 2న ప్రధానమంత్రి చేతులమీదుగా తిరిగి మొదలయ్యాయి. 29 గ్రామాల రైతులు ఆ మధ్యకాలంలో పడిన బాధ చిన్నది కాదు. కానీ బొమ్మ అబద్ధమాడిందని అనలేం. నెరవేరని వాగ్దానానికి, తెలిసి చెప్పిన అబద్ధానికి తేడా ఉంది. కళాకారుడు జవాబు చెప్పుకోవలసింది రెండవదానికే.

కూలి, గడువు, మార్పులు

కొనేవాని హక్కు గురించే ఇంతసేపు చెప్పాం. పని చేసేవాని హక్కు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఎందుకంటే కుర్రవాడు క్లయింటు మాటకు ఎదురు చెప్పలేకపోవడానికి సగం కారణం అతని చేతిలో ఒప్పందం లేకపోవడమే. డబ్బంతా అవతలివాని దగ్గర ఉన్నప్పుడు ధర్మం మాట్లాడటానికి నోరు రాదు.

మద్‌యన్ పెద్దాయన (వారు షుఐబ్ (అలైహి) అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు) హజ్రత్ మూసా (అలైహి)ను పనిలో పెట్టుకున్న వృత్తాంతం సూరా అల్ ఖసస్‌లో ఉంది. ఎనిమిదేళ్ళు అని గడువు ముందే చెప్పారు. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టమన్నారు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం లేదని కూడా అన్నారు. ఎంత పని తప్పనిసరి, ఎంత ఐచ్ఛికం అనేది మొదటే విడదీశారు. ఈనాటి క్లయింటు “చిన్న మార్పే కదా తమ్ముడూ” అంటూ పదకొండోసారి గోడ రంగు మార్పిస్తాడు. మూడుసార్లు మార్పులు ధరలోనే, ఆపైన ప్రతి మార్పుకు ఇంత అని మొదటిరోజే రాసుకుంటే ఇద్దరికీ మనస్తాపం ఉండదు. అప్పుల వ్యవహారాన్ని రాసిపెట్టుకోమని అల్ బఖరా సూరాలో అంత వివరంగా ఆదేశం ఉన్నా, మనవాళ్ళు రాసుకోవడం అంటే అవతలివానిని అనుమానించడం అనుకుంటారు. ఈ మొహమాటం మన ముస్లిం ఇళ్ళలో మరీ ఎక్కువ. దూరపు బంధువు ఇల్లు అయితే చెప్పనే అక్కరలేదు, “మన పిల్లవాడే కదా” అని ఉచితంగా చేయించుకుంటారు.

పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టేవానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీ హదీసులో ఉంది. పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న బోధనను మనం జుమా ప్రసంగాలలో వింటూనే ఉంటాం. బొమ్మ గీసేవానికి చెమట కనిపించదు గనుక అతని కూలి నెలల తరబడి ఆగినా ఎవరికీ తప్పనిపించదు.

ఇక్కడ కూడా ఫిఖహ్ ఒక దారి చూపింది. పలువురికి పని చేసిపెట్టే దర్జీ, అద్దకంవాడు వంటివారిని ‘అజీరె ముష్తరక్’ అంటారు. అద్దకంవాని పని గుడ్డలోనే నిలిచి ఉంటుంది గనుక, కూలి ముట్టేదాకా ఆ గుడ్డను తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికి ఉందని హనఫీ పండితులు చెప్పారు. మూటలు మోసే హమాలీకి ఆ హక్కు లేదు. మన కళాకారుడు అద్దకంవాని కోవలోనివాడు. ముందు చిన్న సైజులో, మీద పేరు ముద్ర వేసిన బొమ్మను చూపి, సొమ్ము పూర్తిగా ముట్టాక అసలు ఫైలు ఇవ్వడం అతని హక్కు. దాన్ని అవమానంగా క్లయింటు భావించనక్కరలేదు. హక్కు కావాలనేవాడు పరుల హక్కును కూడా చూడాలి. దొంగ కాపీ సాఫ్ట్‌వేరుతో పని చేస్తూ నా కూలి ఎగ్గొట్టారనడం ఏం బాగుంటుంది? స్తోమత లేదంటే బ్లెండర్ అనే మంచి సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది.

ఆ ఒప్పంద పత్రంలోనే మరొక వాక్యం చేర్చమని మా సలహా: ప్లానులో లేనిది కలపబడదు, స్థలంలో ఉన్నది తీసివేయబడదు. ముందే రాసి ఉంటే తరువాత వాదన ఉండదు. “ఇది నా పద్ధతి అన్నా, అందరికీ ఇంతే” అని మెత్తగా చెప్పవచ్చు. కొందరు క్లయింట్లు వెళ్ళిపోతారు. ఈ మాట దాచి ప్రయోజనం లేదు. చెరిపిపెట్టేవాడు పక్క వీధిలోనే దొరుకుతాడు. 2022 తరువాత వచ్చిన ఏఐ పరికరాలైతే అడగ్గానే క్షణాలలో చెరిపిపెడతాయి. ఇంటి అద్దె, చెల్లెలి ఫీజు, వాయిదాలమీద కొన్న కంప్యూటరు ఉన్నవానికి ఒక క్లయింటు పోవడమంటే మాటలు కాదు. ఆ నెలలో ఇంట్లోని పెద్దలు “పని వదులుకున్నావా, పిచ్చివాడా!” అంటే ఇక అతను రెండోసారి నిలబడలేడు. తండ్రులు ఈ విషయం ఆలోచించాలి. హరామ్ కూడు తినవద్దని చిన్నప్పుడు చెప్పినవారే, పిల్లవాడు దానికోసం నష్టపోయినరోజు అతని పక్కన కూర్చోవాలి.

నిజం చెప్పి, లోపం వివరించి చేసిన బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి చేసిన బేరంలో అది తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు తెలుసు. దాన్ని ‘ఎక్కువ క్లయింట్లు వస్తారు’ అనే అర్థంలో పిల్లలకు చెప్పకండి. రావచ్చు, రాకపోవచ్చు. బర్కత్ అంటే ఆదాయం పెరగడం ఒక్కటే అయితే, చెరిపిపెట్టేవానికే ఎక్కువ బర్కత్ ఉన్నట్టు కనిపించే నెలలు చాలా ఉంటాయి.

చివరగా ఒక ప్రశ్న మిగిలింది. కళాకారుడు ఉన్నది ఉన్నట్టు గీసి ఇచ్చాడు. సొమ్ము ముట్టింది, ఫైలు చేతులు మారింది. ఆ తరువాత క్లయింటే మరొకరి చేత లైను చెరిపించి బోర్డుకు ఎక్కించాడు. ఇప్పుడు? అతను చేయగలిగింది చేశాడు, పాపంలో పరస్పరం సహకరించుకోవద్దన్న ఆదేశాన్ని మీరలేదు. రోడ్డుపక్క ప్రతి బోర్డునూ వెతికి చూడమని అతన్ని ఎవరూ అడగరు. అయితే తన చేతిపనే మారిపోయి కనిపించినప్పుడు క్లయింటుకు ఒక మాట రాసి పంపాలి, అందులో తన పేరు ఉంటే తీసేయమని అడగాలి. తాను ఇచ్చిన అసలు బొమ్మను తేదీతో సహా భద్రపరచుకోవాలి. రేపు ఆ స్థలం కొన్నవాడో, కొనబోయేవాడో వచ్చి “ఇక్కడ లైను ఉండేదా బాబూ?” అని అడిగితే, సాక్ష్యాన్ని దాచవద్దని అదే అల్ బఖరా సూరాలో ఆజ్ఞ ఉంది గనుక, ఆ ఫైలు తెరిచి చూపించాలి.